చిక్కిందా, చిక్కినట్టే చిక్కి జారిందా?

సాఫ్ట్‌బాల్‌లో బంతి గ్లవ్‌లో పడటం వేరు, క్యాచ్ కావడం వేరు. ఆ రెంటి మధ్య ఉన్న రెప్పపాటులోనే అంపైర్‌కు అసలు పరీక్ష

ఒక సన్నివేశం ఊహించుకోండి. భిలాయ్ టౌన్‌షిప్‌లో ఓ స్కూలు మైదానం. రాష్ట్ర జట్టు ఎంపికకు ముందు కీలకమైన మ్యాచ్. ఆఖరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో ఒకరు అవుటయ్యారు. ఫీల్డింగ్ జట్టు ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. మొదటి బేస్ మీద రన్నర్ కాచుకుని ఉంది. బ్యాటర్ కొట్టిన బంతి ఎడమవైపు గాల్లోకి లేచింది. అక్కడున్న అమ్మాయి వెనక్కి పరుగెత్తి గ్లవ్ చాచింది. బంతి అందులో పడింది. రెండడుగులు వేసి, అప్పటికే సగం దూరం వెళ్లిపోయిన రన్నర్‌ను అవుట్ చేద్దామని గ్లవ్‌లోంచి బంతి తీసి విసరబోయింది. బంతి వేళ్ల సందున జారి నేల మీద పడింది. ఒక వైపు నుంచి "పకడ్ లియా" అని కేకలు, మరోవైపు నుంచి "వదిలేసింది, వదిలేసింది" అని తెలుగులో అరుపులు. అందరి చూపూ అంపైర్ చేతి వైపే. అది పైకి లేస్తే ఇద్దరు అవుట్, ఇంకొక్కరు మిగులుతారు. లేవకపోతే ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉంటారు, మ్యాచ్ చేజారినా జారవచ్చు.

భిలాయ్ మైదానంలో తెలుగు అరుపులేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో వెలసి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించుకున్న ఆ ఉక్కు కర్మాగారానికి ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన కుటుంబాలు తక్కువేం కాదు. వాళ్ల మనవల తరానికి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. ప్లాంటు పుణ్యమా అని ఎదిగిన భారీ పారిశ్రామిక వాడ హథ్‌ఖోజ్. ఆ పేరు పుట్టుక మాట ఎలా ఉన్నా, హిందీ తెలిసినవారి చెవికి అందులో చేయి, వెతుకులాట రెండూ వినిపిస్తాయి. సాఫ్ట్‌బాల్ అంపైర్ పని కూడా అదే. బంతి చేతిలో నిజంగా ఉందా అని వెతకడం.

పేరుకు సాఫ్ట్‌బాల్ గానీ బంతి మెత్తనిదేం కాదు. 1887లో షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో బిగించి బంతిగా, చీపురు కర్రను బ్యాట్‌గా చేసి ఆడించిన కాలక్షేపం ఇది. ఇప్పటి బంతి చుట్టుకొలత 30 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. బరువు 178 నుంచి 198 గ్రాములు. క్రికెట్ బంతి చుట్టుకొలత 23 సెంటీమీటర్లు కూడా ఉండదు, బరువు 163 గ్రాములు దాటదు. ఒలిచిన చిన్న కొబ్బరికాయంత ఉండే సాఫ్ట్‌బాల్ పద్నాలుగేళ్ల అమ్మాయి పిడికిట్లో ఇమడదు. అందుకే గ్లవ్. అందుకే ఈ చిక్కు. క్రికెట్‌లో వికెట్ కీపర్‌కు తప్ప మరే ఫీల్డర్‌కూ గ్లవ్ లేదు కనుక బంతి వేళ్ల మధ్య కనిపిస్తుంది. ఇక్కడ తోలు మడతల్లో దాక్కుంటుంది.

నిబంధన చెప్పేది సూటిగానే ఉంటుంది. బంతి తన అదుపులోకి వచ్చిందని రుజువయ్యేంతసేపు ఫీల్డర్ దాన్ని పట్టుకోవాలి, లేదా చేతి నుంచి వదలడం తన ఇష్టప్రకారమే జరిగిందని తెలియాలి. ఎన్ని సెకన్లు అన్నది ఎక్కడా లేదు. ఉండకపోవడమే మంచిదయింది. కాలాన్ని కొలిచే గడియారం అంపైర్ చేతికిస్తే మెరుపులా పట్టి మెరుపులా విసిరే ఫీల్డర్ నష్టపోతుంది, బంతిని మూడు సెకన్లపాటు దోసిట్లో ఎగరేసుకున్నామె లాభపడుతుంది. చూడాల్సింది ఎంతసేపు పట్టుకున్నదని కాదు, బంతి ఎవరి మాట విన్నదని.

మన ఊహాచిత్రంలోని అమ్మాయి రెండడుగులు వేసింది, బంతి గ్లవ్‌లోనే ఉంది. తర్వాత తనే తీసి విసరబోయింది. పట్టు చిక్కాక విసిరే ప్రయత్నంలో బంతి జారితే అది క్యాచే. బ్యాటర్ అవుట్. అదే అమ్మాయి పరుగెత్తుతూ పట్టి, ఆ ఊపులోనే కంచెకో సహ ఫీల్డర్‌కో ఢీకొనో, బోర్లా పడో బంతి వదిలేసి ఉంటే క్యాచ్ కాదు. పట్టు ఇంకా పూర్తి కాలేదని నేల చెప్పేసింది. రెండు చోట్లా బంతి మట్టిలోనే ఉంటుంది, తీర్పులు మాత్రం తలకిందులు. చూసేవాళ్లకు అన్యాయంలా తోచేది ఇక్కడే. బంతిని ఛాతీకి అదుముకున్నా, చంకలో ఇరికించుకున్నా చాలదు, చేతిలోకో గ్లవ్‌లోకో చేరేదాకా అవుట్ లేదు. టోపీ ఒడ్డి పట్టడం అసలే కుదరదు.

క్రికెట్ అభిమానులకు ఈ చర్చ కొత్తది కాదు. 1999 జూన్ 13న హెడింగ్లీలో ప్రపంచకప్ సూపర్ సిక్స్ మ్యాచ్. 56 పరుగుల మీదున్న స్టీవ్ వా ఇచ్చిన తేలికపాటి క్యాచ్‌ను హెర్షెల్ గిబ్స్ పట్టినట్టే పట్టి, సంబరంగా పైకి ఎగరేయబోయి వదిలేశాడు. వా 120తో అజేయంగా నిలిచి మ్యాచ్ గెలిపించాడు. 2023 జులైలో లార్డ్స్ యాషెస్ టెస్టులో 50 మీదున్న బెన్ డకెట్ క్యాచ్‌ను మిచెల్ స్టార్క్ చక్కగానే పట్టాడు, కానీ జారుతూ బంతిని నేలకు రాసుకోనిచ్చాడు. థర్డ్ అంపైర్ మరే ఎరాస్మస్ నాటౌటన్నారు. బంతి మీదే కాదు, తన కదలికల మీద కూడా ఫీల్డర్‌కు పూర్తి అదుపు ఉండాలంటుంది క్రికెట్ చట్టం. సాఫ్ట్‌బాల్ ఆ మాట అలా అనదు. పడ్డాక కూడా బంతి చేతిలోనే బిగిసి ఉంటే చాలంటుంది. ఈ కొలతతో చూస్తే స్టార్క్ పట్టింది క్యాచేనని వాదించడం కష్టమేం కాదు.

మరి రుజువు కోసం మరీ పట్టుబడితే ఏమవుతుంది? సాఫ్ట్‌బాల్ అన్నయ్య బేస్‌బాల్‌కు అది 2014లో తెలిసొచ్చింది. వీడియో సమీక్షలను విస్తరించిన ఆ ఏడాది, గ్లవ్‌లోంచి బంతిని రెండో చేతిలోకి శుభ్రంగా మార్చుకుంటేనే క్యాచ్ అన్నట్టుగా అమెరికా మేజర్ లీగ్ అంపైర్లు తీర్పులివ్వసాగారు. ఏళ్ల తరబడి అవుటైనవి ఒక్కసారిగా నాటౌటయ్యాయి. గోల పెరగడంతో సీజన్ తొలి నెల గడవకముందే, ఏప్రిల్ 25న, పాత అర్థానికే తిరిగొచ్చారు. కెమెరా బంతి జారడాన్ని చూపగలదు. జారకముందే పట్టు కుదిరిందా లేదా అన్నది మాత్రం మనిషే తేల్చాలి.

తిరకాసు ఇంకొకటుంది. క్యాచ్ పూర్తయ్యేది పట్టు చిక్కినప్పుడు. కానీ రన్నర్ బేస్ వదిలి పరుగెత్తడానికి అంతదాకా ఆగనక్కర్లేదు. బంతి ఫీల్డర్‌ను తొలిసారి తాకిన క్షణమే చాలు. ఒకే క్యాచ్‌కు రెండు గడియారాలన్నమాట. ఎందుకిలా? లేకపోతే తెలివైన ఫీల్డర్ బంతిని పట్టీ పట్టకుండా చేతుల మీద ఎగరేసుకుంటూ మైదానం మధ్యకు నడిచొచ్చేస్తుంది. పాపం రన్నర్లు బేస్‌లకు అతుక్కుని చూస్తూ నిలబడాలి. దీనికి తిరగేసిన జిత్తు కూడా ఉంది. మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు తేలిక క్యాచ్‌ను అదుపులోకి తెచ్చుకుని కావాలనే వదిలేసి, ఒక అవుట్‌కు బదులు రెండు కొట్టేయడం. ఇద్దరు అవుట్ కాకముందు ఇన్‌ఫీల్డర్ ఆ పని చేస్తే ఆట ఆపి, బ్యాటర్‌ను అవుట్ ఇచ్చి, రన్నర్లను వెనక్కి పంపమంటుంది నిబంధన. ఇష్టప్రకారం వదలడమన్నది ఒకచోట ఫీల్డర్‌ను కాపాడే సాక్ష్యం, ఇంకోచోట ఆమె మీద నేరారోపణ.

భిలాయ్‌లోనైనా అనంతపురం, నిజామాబాద్‌లలోనైనా స్కూలు మైదానంలో రీప్లేలుండవు. ఉన్నదల్లా అంపైర్ కళ్లు, కాళ్లు. కాళ్లనడం ఎందుకంటే, గ్లవ్ నోరు కనిపించే కోణానికి పరుగెత్తి చేరకపోతే కళ్లున్నా లాభం లేదు. చేరాక చేయాల్సింది ఆగడం. బంతి గ్లవ్‌లో పడిన చప్పుడుకే చెయ్యెత్తిన అంపైర్ మరుక్షణం బంతి నేల మీద కనిపిస్తే చెయ్యి దించుకోలేక సతమతమవుతాడు. ఈలోపు రన్నర్లు అతని చేతిని నమ్మి ఆగిపోయి ఉంటారు. ఒక్క క్షణం ఆలస్యంగా పిలిచాడని తిట్లు పడినా నష్టం లేదు. తిట్లు పోతాయి, తీర్పు నిలబడుతుంది. జిల్లా జట్టులో చోటు, ఆపైన జాతీయ పోటీలు, ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో సీటో కొలువో అని లెక్కలేసుకునే కుటుంబాలకు ఆ క్షణం విలువ తెలుసు.

తీర్పు నచ్చని కోచ్‌కు దారేమైనా ఉందా అంటే, కొంతవరకే. పట్టు చిక్కిందా లేదా అన్నది అంపైర్ విచక్షణ. దాని మీద ప్రొటెస్ట్ చెల్లదు. విసరబోతూ జారినా క్యాచ్ కాదనో, రన్నర్ పట్టు కుదిరేదాకా ఆగాల్సిందేననో అంపైర్ అంటే అది నిబంధనను తప్పుగా అన్వయించడం. అప్పుడు ప్రొటెస్ట్ చేయవచ్చు. అదీ పిచర్ మరో బంతి వేసేలోపే.