బుల్లెట్టుకి చీకటి పడితే..!

ఇంజిను బంగారం, లైటే వెలగదు... తాతల నాటి బుల్లెట్టో బీఎస్‌ఏనో ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాట. ఆ బళ్ల కరెంటుకీ బందరు గాలికీ ఉన్న పాత పేచీ ఏమిటి? దాన్ని మెకానిక్కులు ఎలా పట్టుకుంటారు?

డుగ్... డుగ్... డుగ్... దివిసీమ ఊళ్లలో ఒకప్పుడు ఆ శబ్దం వింటే చాలు, వచ్చేది ఎవరో చెప్పేసేవారు. ఇప్పటికీ పాత బళ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. చిక్కల్లా పొద్దుగూకాకే. నాగాయలంక నుంచి అవనిగడ్డకో, గుడివాడ నుంచి గుడ్లవల్లేరు మీదుగా బందరుకో బయల్దేరితే చాలాచోట్ల ఓ పక్క కాలువ, మరో పక్క వరిచేను. అక్కడ హెడ్‌లైటు ఆరిపోతే ఇంకేమైనా ఉందా! వెనక లైటు పోతే మరీ ప్రమాదం. నడిపేవారికి ఆ సంగతే తెలీదు, వెనకొచ్చే లారీకి బండే కనిపించదు.

బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక అది మనింటి బండి అయిపోయింది. అక్కడి కర్మాగారం 1967లో మూతపడినా ఇక్కడి బండి ఆగలేదు. బీఎస్‌ఏ, నార్టన్, ట్రయంఫ్ లాంటి నాటి బ్రిటిష్ బళ్లలో ఎక్కువవాటికి కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీదే. దాని స్థాపకుడు జోసెఫ్ లూకాస్‌కి పెట్టిన ముద్దుపేరు ‘చీకటి రాజకుమారుడు’! వెక్కిరింతే కానీ, అందులో సగం అన్యాయం ఉంది. చాలాసార్లు తప్పు లూకాస్ సామానుది కాదు, తీగ వెళ్లి ఆనే చోటుది.

చిలుము చేసే చేటు

బ్యాటరీ నుంచి బల్బు దాకా కరెంటు తీగలో వెళ్తుంది. తిరిగి రావడానికి మాత్రం చాలాచోట్ల తీగ ఉండదు, బండి ఇనుప చట్రమే దారి. దాన్నే ‘బాడీ ఎర్త్’ అంటారు. సముద్రం పక్కనున్న ఊళ్లలో గాలి తేమలోనూ ఉప్పు ఉంటుంది. ఇత్తడి, రాగి, ఇనుము కలిసే చోట ఆ తడి చేరితే ఇనుము తుప్పు పడుతుంది, రాగికి పచ్చటి చిలుము పడుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన సీమకు ఉప్పునీటి సంగతి ఒకరు చెప్పాలా! రోల్డుగోల్డుకు పూత పూసే బందరు పనివారికైతే లోహం, ఉప్పు, కరెంటు కలిస్తే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు.

పాత బళ్లలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ. అసలు కిటుకు అక్కడే ఉంది. 24 వాట్ల బల్బు 12 వోల్టుల బండిలో 2 ఆంపియర్ల కరెంటు తీసుకుంటే, 6 వోల్టుల బండిలో 4 తీసుకుంటుంది. తుప్పు వల్ల ఒక్క అర ఓము నిరోధం అడ్డుపడిందనుకోండి. 12 వోల్టుల బండిలో బల్బుకు ఇంకా 11 వోల్టుల దాకా చేరతాయి. 6 వోల్టుల బండిలో చేరేవి నాలుగున్నరే! అప్పుడు వెలుగు సగం కూడా ఉండదు. బ్యాటరీ మార్చినా బల్బు మార్చినా అంతే. డబ్బులు పోవడం తప్ప ఫలితం సున్నా.

తమాషా ఏంటంటే, వేలు పోసి కొత్తగా రంగు వేయించిన బండికీ ఇదే జబ్బు వస్తుంది. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు కింద రంగు పొర ఉండిపోతే ఎర్త్ తెగినట్టే. బండి పెళ్లికూతురిలా మెరుస్తుంటుంది, హారను మాత్రం మూలుగుతుంది.

ముల్లు చెప్పే కబురు

బుల్లెట్టు హెడ్‌లైటు పైన చిన్న ముల్లున్న మీటరు ఉంటుంది. అదే ఆమ్మీటరు. పాయింట్ల బళ్లలో పాతవాళ్లు కిక్కు కొట్టేముందు దాన్నే చూస్తారు. తాళం తిప్పి, డీకంప్రెసర్ పట్టుకుని కిక్కును మెల్లగా దించుతుంటే మైనసు వైపున్న ముల్లు మధ్యకు వస్తుంది. అంటే పాయింట్లు విడిపోయాయన్నమాట. కిక్కు కొట్టాల్సింది అప్పుడే.

లోపం వెతకడానికీ ముల్లే మొదటి సాక్షి. ఇంజిను ఆపి లైటు వేస్తే అది మైనసు వైపు కదలాలి. కదలకపోతే దారి ఎక్కడో తెగింది. ఒక్కసారిగా చివరికి కొట్టుకుంటే ఎక్కడో షార్టయింది.

తర్వాతి పని టెస్టు ల్యాంపుది. చిన్న బల్బు, రెండు తీగలు. ఒక తీగను బ్యాటరీ ఎర్త్‌కు బిగించి, రెండోదాన్ని వరసగా ఫ్యూజు, ఆమ్మీటరు, స్విచ్చి, హెడ్‌లైటు హోల్డరు దగ్గర ఆనిస్తూ పోవాలి. ఎక్కడ వెలగడం మానేస్తే, దానికీ అంతకు ముందు వెలిగిన చోటుకీ మధ్యలోనే దొంగ ఉన్నాడు. హోల్డరు దాకా అంతా వెలిగినా లైటు రాలేదంటే అనుమానం ఎర్త్ మీదే. బల్బు హోల్డరు బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్‌కు విడి తీగ ఒకటి కలపగానే లైటు భగ్గుమంటే నిర్ధారణ అయినట్టే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాస్తే సరి. ఖర్చు పెద్దగా ఉండదు, ఓపికే కావాలి.

షార్టును పట్టడం ఇంకా సరదా. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో ఓ బల్బు కలుపుతారు. షార్టుంటే అది గట్టిగా వెలుగుతుంది. ఒక్కో కనెక్షనూ ఊడదీస్తూ పోతే ఏది తీసినప్పుడు ఆరిపోయిందో ఆ తీగే దోషి. ఇది తెలియక కొందరు ఫ్యూజు బదులు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేస్తారు. పెట్రోలు ట్యాంకు కిందే తీగలు కాలడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

తలకిందుల ఎర్త్

లైటు కాదు, ఇంజినే ఆగిపోతుంటే? ముందు ఆ బండికి మాగ్నెటో ఉందా, కాయిలా అని చూడాలి. మాగ్నెటో ఉన్న పాత బీఎస్‌ఏలూ నార్టన్లూ బ్యాటరీ చచ్చిపోయినా పరిగెడతాయి. కాయిల్ బండికి మాత్రం బ్యాటరీ, పాయింట్లు, కండెన్సరు అన్నీ బాగుండాలి. బుల్లెట్టు పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. వేడెక్కాక దగ్గుతూ, పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు పెద్దవిగా వస్తుంటే మొదటి అనుమానం కండెన్సరు మీదే.

ఇంకో జాగ్రత్త. అప్పటి బ్రిటిష్ బళ్లలో చాలావాటికి చట్రానికి కలిపేది మైనసు కాదు, ప్లస్సు! కొత్త బ్యాటరీ తెచ్చి అలవాటుకొద్దీ మైనసును బాడీకి బిగిస్తే రెక్టిఫయరు పోతుంది. 12 వోల్టులకు మార్పించేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పు లేదు కానీ బల్బులు, హారను, కాయిలుతో పాటు చార్జింగు ఏర్పాటూ మార్చాలి. తీసేసిన సామాను పారేయకండి, సంచీలో కట్టి అటక మీద పెట్టండి. రేపు మీ అబ్బాయి మళ్లీ పాతవే కావాలంటాడు.

పని పూర్తయ్యాక అనుభవమున్న మెకానిక్కు డబ్బులు అడిగేముందు లైటు వేసి, హ్యాండిలును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూస్తాడు. మెడ దగ్గర ఒరుసుకుని లోపలే తెగిన తీగ తిన్నగా ఉన్నప్పుడు దొరకదు, మలుపులోనే బయటపడుతుంది.