కొండ తవ్వాలంటే... ముందు కాగితం తవ్వాలి!

తిరువూరు బస్టాండులో భద్రాచలం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. మామిడి తోటలు దాటగానే తెలంగాణ వచ్చేస్తుంది. అదే రోడ్డు పట్టుకుని పెనుబల్లి, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా పోతూ ఉంటే బస్తర్‌లో తేలతారు. అక్కడ, దంతెవాడ దగ్గరుంది బైలదిల... ఎద్దు మూపురంలా కనిపించే కొండల వరుస. 1968 నుంచీ ఎన్‌ఎండీసీ దాన్ని తవ్వుతూనే ఉంది. కొత్తగూడెం నుంచి పక్కకు, ఇల్లెందు వైపు తిరిగితే బయ్యారం. అక్కడా ఇనుప రాయే. కానీ ఉక్కు ఫ్యాక్టరీ పెట్టేంత గని మాత్రం ఇప్పటికీ కాగితం మీదే ఉంది!

ఎందుకలా?

బయ్యారం కథ సగటు తెలుగు కుటుంబానికి కొత్తేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం కుదిరింది, గొడవై రద్దయింది. 2013లో ఆ ఖనిజాన్ని విశాఖ ఉక్కుకు కేటాయిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఒకప్పుడు ‘విశాఖ ఉక్కు- ఆంధ్రుల హక్కు’ అని హోరెత్తిన నినాదమే కాస్త మారి, ‘బయ్యారం ఉక్కు- తెలంగాణ హక్కు’ అయింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులోనూ ఒక వాక్యం చేరింది. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని. పరిశీలించింది. గిట్టుబాటు కాదంది. ఆ తర్వాత టాస్క్‌ఫోర్స్ వేశారు. 2016లో బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి, 2022లో తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లిపోయాయి. జిల్లాలు మారాయిగానీ కొండ కదల్లేదు.

రాయిలో ఇనుమెంత?

అసలు చిక్కు ఇక్కడుంది. స్వచ్ఛమైన హెమటైట్‌లో 70 శాతం ఇనుముంటుంది. బైలదిల రాయిలో 65 శాతం దాకా ఉంటుంది కాబట్టే దానికంత గిరాకీ. ఒకప్పుడు జపాన్‌కు పంపడం కోసం కిరండోల్ నుంచి విశాఖ దగ్గరి కొత్తవలస దాకా రైలు మార్గమే వేశారు. బయ్యారం రాయి అంత బలమైనది కాదు, నాసిరకమే ఎక్కువ. టన్ను రాయిలో ఇనుము మూడొందల కిలోలే అనుకోండి. దాన్ని పిండిలా నూరి, నీళ్లతో కడిగి, ఇనుమున్న భాగాన్ని వేరుచేయాలి. నూరడానికి కరెంటు కావాలి, కడగడానికి నీళ్లు కావాలి. మిగిలిన బురదకు ఎక్కడో ఒక చెరువంత చోటు చూపించాలి. ‘మా ఊళ్లో ఇనుముంది’ అన్న మాటకూ ‘మా ఊళ్లో గని వస్తుంది’ అన్న మాటకూ మధ్య ఇంత దూరం!

అందుకే ముందుగా వచ్చేది పొక్లెయిన్ కాదు, డ్రిల్లింగ్ యంత్రం. కొండ మీద గళ్లు గీసినట్టు వరుసగా బోర్లు వేస్తారు. లోపలినుంచి వచ్చిన రాతి కడ్డీలను పెట్టెల్లో పేర్చి, ఏ లోతులో ఏముందో పరీక్షిస్తారు. ఆ లెక్కలతో గొయ్యి బొమ్మ గీస్తారు. ఉపరితల గని అంటే నిట్టనిలువు గుంత కాదు. స్టేడియం మెట్లలా అంచెలంచెలుగా దిగుతుంది. గోడ మరీ నిటారుగా ఉంటే విరిగిపడుతుంది, మరీ వాలుగా ఉంటే పనికిరాని మట్టి ఎక్కువ తీయాలి. టన్ను ఖనిజానికి ఎన్ని టన్నుల మట్టి ఎత్తాలన్న ఆ ఒక్క లెక్కే చాలాసార్లు గని ఉంటుందో ఊడుతుందో తేలుస్తుంది.

ఎత్తిన మట్టి ఎటు పోతుంది? పక్కనే కొత్త కొండ అవుతుంది. వానాకాలంలో అది కరిగి పొలాల్లోకి రాకుండా చుట్టూ కాలువ తవ్వి, నీరు నిలిచేందుకు గుంటలు కట్టాలి. ఆ కాలువ ఎంత వెడల్పుండాలో కూడా ముందే రాయాలి. బైలదిల కింద శంఖిని వాగు ఎర్రబడిందని అక్కడి ఆదివాసులు ఏళ్లతరబడి మొత్తుకున్నది ఈ మట్టి గురించే. ఇక గొయ్యి భూగర్భ జలమట్టం దాటి దిగిందంటే, ఊరిన నీటిని మోటార్లతో తోడిపోస్తూనే ఉండాలి. అప్పుడు చుట్టుపక్కల బావుల సంగతి? తిరువూరు మామిడి రైతును అడగండి... బోరులో నీరు పది అడుగులు దిగిందంటే ఆ ఇంట్లో ఎన్ని మాటలు జరుగుతాయో చెబుతాడు.

కోరం లేని సభ

ఊరివాళ్లకు ఈ లెక్కలన్నీ ఎప్పుడు తెలుస్తాయి? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో దొరకాలి. అంటే మన దగ్గర తెలుగులో. కలెక్టరో, అదనపు మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారో సభకు అధ్యక్షత వహిస్తారు. అంతా వీడియో తీస్తారు. సభ ముగిసేముందు ఎవరేం అన్నారో తెలుగులో చదివి వినిపించాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ సభకు కోరం లేదు! పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. పైగా ఇది ఓటింగు కాదు. అభ్యంతరం రికార్డులోకి ఎక్కుతుంది, అంతే. అందుకే ‘వద్దు’ అని కేకేసి వచ్చేయడం కంటే, ‘నా బావి ఫలానా సర్వే నంబర్లో ఉంది, మీ నివేదికలో లేదేం?’ అని అడిగినవాళ్లే కంపెనీవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడతారని నాకనిపిస్తుంది.

బయ్యారంలాంటి షెడ్యూల్డ్ ప్రాంతంలో మరో గడప కూడా ఉంది. అక్కడి భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరిలో బాక్సైటు గని గురించి అదే కోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు గ్రామసభలు జరిగితే పన్నెండూ కాదన్నాయి.

అయినా ఉద్యోగాల మాటేమిటి అంటారా? న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న కుర్రాడికి ఉక్కు ఫ్యాక్టరీ అన్న మాటే పెద్ద ఆశ. ఇల్లెందు, కొత్తగూడెం సింగరేణి మీదే కదా పెరిగాయి! కానీ ఉపరితల గనిలో పని ఎక్కువగా యంత్రాలదే. డంపర్ నడపడం నేర్చినవాడికి పని దొరుకుతుంది, పొలం పోయిన యాభై ఏళ్ల రైతుకు కష్టం. మరి ఆ రైతుకేం ఇస్తారు? అది కూడా తవ్వకానికి ముందే కాగితం మీద ఉండాలి. ఖనిజం అయిపోయాక గొయ్యిని ఏం చేస్తారో చెప్పే మూసివేత ప్రణాళిక కూడా అంతే. గని తెరవకముందే రాయాలి, దానికి పూచీగా ఆర్థిక హామీ చూపించాలి.

బయ్యారంలో ఒక పాత గొయ్యి ఉంది. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు. ఎనిమిది వందల ఏళ్ల కిందట వేయించిన శాసనంలో ఆ చెరువుతోపాటు కాకతీయుల వంశావళి కూడా ఉంది. చరిత్రకారులు ఇప్పటికీ దాన్ని చదువుతారు. గని నివేదిక ఎప్పుడొచ్చినా, ఆ చెరువుకు ఏ కొండ మీదినుంచి వాన నీరు దిగుతుందో అందులో ఒక పేజీ ఉండాలని అడగొచ్చు. 30 రోజుల గడువుంటుంది.