కార్డు బాకీ తీరేదాకా కొత్త ఖర్చుకు అడ్డుకట్ట ఎలా?

రంజాన్ చివరి పది రోజుల్లో పత్తర్‌గట్టి, మదీనా వైపు వెళ్లినవాళ్లకు తెలుసు, జేబు చూసుకుని కొనడం ఎంత కష్టమో. పిల్లలకు బట్టలు, చెప్పులు, షీర్ ఖుర్మా సామాను, చుట్టాల పిల్లలకు ఈదీ. చేతిలో డబ్బు అయిపోతే కార్డు ఉండనే ఉంది. కానీ కార్డు మీద ఇప్పటికే బాకీ ఉన్న ఇంటికి ఆ కార్డు వేరే లెక్కలో పనిచేస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

మామూలుగా బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తే కొన్నవాటి మీద వడ్డీ పడదు. గడువు దాటి కొంత బాకీ మిగిలిందంటే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది. అప్పటినుంచి ఏది కొన్నా, కొన్న రోజునుంచే వడ్డీ మొదలు. మొత్తం తీరేదాకా ఇంతే.

ఒక లెక్క చూద్దాం. బాకీ 50,000, వడ్డీ నెలకు 3.5 శాతం అనుకోండి. చాలా కార్డుల్లో ఇంచుమించు ఇంతే ఉంటుంది. నెల వడ్డీ 1,750. దానిమీద 18 శాతం జీఎస్టీ 315. మొత్తం 2,065. మీరు 2,500 కడితే అసలులో తగ్గేది 435 రూపాయలే. ఆ నెలలో ఒక్కసారి 500 రూపాయల బిర్యానీ కార్డు మీద తెప్పించుకున్నా బాకీ తగ్గకపోగా పెరుగుతుంది! కడుతూనే ఉన్నాం, తీరడం లేదేంటి అని తల పట్టుకునేవాళ్ల సంగతి ఇదే.

అదే బాకీకి నెలకు 6,000 కడుతూ కార్డును అసలు ముట్టుకోకపోతే దాదాపు 11 నెలల్లో తీరిపోతుంది. 6,000 కడుతూనే నెలకు 2,000 గీకితే 18 నెలలు పడుతుంది. వడ్డీ అంటే భయపడి బ్యాంకు లోను కూడా వద్దనుకునే మన ఇళ్లలో ఈ ఏడు నెలల తేడా చిన్నదేం కాదు.

ఇక మనసును అదుపులో పెట్టుకోవాలని ఎవరైనా చెప్తారు. రాత్రి పదకొండుకు ఫోన్‌లో ఆఫర్ కనిపించినప్పుడు ఆ మాట గుర్తురాదు. అందుకే కొనడమే కష్టమయ్యేలా ముందే చేసిపెట్టుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు వెళ్తే ఆన్‌లైన్ లావాదేవీలు, ట్యాప్ చేసి కట్టడం, విదేశీ వాడకం విడివిడిగా ఆపేయొచ్చు, పరిమితి కూడా తగ్గించుకోవచ్చు. ఈ సౌకర్యం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే బ్యాంకులకు చెప్పింది. షాపింగ్ యాప్‌లలో దాచిపెట్టిన కార్డులను తీసేయండి. ప్రతిసారీ 16 అంకెలు కొట్టాల్సి వస్తే సగం కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి. రూపే కార్డును యూపీఐకి కలిపి ఉంటే అది ముందు విడదీయండి. చాయ్ డబ్బులకు క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు పోతున్నది సొంత డబ్బో అప్పో తెలియకుండా పోతుంది. ఇల్లు గడవడానికి డెబిట్ కార్డో నగదో వాడండి.

లిమిట్ పెంచుతామని మెసేజ్ వస్తే ఊరుకోండి. మీరు ఒప్పుకోకుండా బ్యాంకు పెంచకూడదు.

'నో కాస్ట్ ఈఎంఐ' అనేది ఇంకో వల. వడ్డీ లేకుండా ఎవరూ అప్పివ్వరు. ఆ వడ్డీని ధరలోనో, ఇవ్వని డిస్కౌంట్‌లోనో సర్దుతారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. పైగా వడ్డీ భాగం మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే పడొచ్చు. కార్డు మీద ఏటీఎంలో నగదు తీయడం అయితే ఇంకా నష్టం. బాకీ లేకపోయినా తీసిన రోజునుంచే వడ్డీ, దానికి తోడు ఫీజు.

బాకీ సంగతి ఇంట్లో ఒక్కరికే తెలిస్తే పైవేవీ నిలబడవు. అబ్బా జీతం బాగుందనే పిల్లలు అనుకుంటారు, బేగం చుట్టాల పెళ్లికి కొత్త సెట్ అడుగుతుంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు తెలియదు కదా. బిల్లు తెచ్చి దస్తర్ఖాన్ దగ్గర పెట్టండి. ఈసారి ఈద్‌కు ఎవరికి ఎంత అని ముందే నగదు విడదీసి ఇచ్చేస్తే బజారులో గొడవ కూడా తగ్గుతుంది. చిట్టీ ఎత్తుకునే వంతు మీదే అయితే ఆ డబ్బు ముందు కార్డుకే పోనివ్వండి.

మొత్తం కట్టేశాక తర్వాతి నెల బిల్లులో చిన్న వడ్డీ మొత్తం కనిపిస్తే కంగారు పడకండి. బిల్లు వచ్చిన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ అది. వదిలేయకుండా అదీ కట్టేయండి, లేకపోతే దానిమీద లేటు ఫీజు పడొచ్చు. ఆ తర్వాత కార్డు వద్దనుకుంటే రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును బ్యాంకు 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకే ఇవ్వాల్సి ఉంటుంది.