కుట్టే ఆకుతో కమ్మని సూప్

చేయి తగిలితే చాలు... చురుక్కుమంటుంది. మన దూలగొండిని గుర్తుచేసే ఆ మొక్క పేరు నెటిల్. ఐర్లాండ్ పల్లెల్లో కంచెల పక్కన, పాడుబడ్డ ఇళ్ల దగ్గర గుబురుగా పెరుగుతుంది. దాన్నే అక్కడివాళ్లు ఇష్టంగా వండుకుంటారంటే ఆశ్చర్యమే కదూ!

వసంతం రాగానే చేతులకు గ్లవుజులు తొడుక్కుని లేత చిగుళ్లు తుంచుతారు. ఆకుమీది సన్నని నూగే మంటకు కారణం. ఉడికిస్తే ఆ బాధ ఉండదు. వెన్నలో ఉల్లిపాయలు వేయించి, ఆకు, కాసిని ఓట్స్, పాలు వేసి ఉడికిస్తే చిక్కని సూప్ సిద్ధం. పూత వచ్చాక మాత్రం ఆకు కోయరు, తినడానికి పనికిరాదని.

ఇనుము, విటమిన్-సి పుష్కలంగా ఉన్న ఈ ఆకే ఒకప్పుడు చలికాలం తర్వాత ఇంటికొచ్చే తొలి ఆకుకూర. మే ఒకటో తేదీలోపు మూడుసార్లు తింటే ఏడాదంతా జబ్బులు దరిచేరవని పెద్దలు నమ్మేవారు.

ఈ ఆకు వెనక కన్నీటి కథా ఉంది. 1845లో తెగులు సోకి బంగాళాదుంప పంట నాశనమైంది. 1852 దాకా సాగిన ఆ మహాకరవులో సుమారు 10 లక్షలమంది చనిపోయారు. దుంపలు దొరకని ఎన్నో ఇళ్లలో అప్పుడు పొయ్యిమీద ఉడికింది నెటిలే. గతిలేక తిన్న ఆ ఆకే ఇప్పుడు రెస్టారెంట్ల మెనూల్లో దర్జాగా చోటు సంపాదించుకుంది!