రేపటి వాన, రాబోయే వానకాలం

జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశమంతటా కురవబోయే వర్షపాతాన్ని భారత వాతావరణ శాఖ ఏప్రిల్‌లోనే అంచనా కట్టగలుగుతుంది గానీ, జూలైలో ఒకానొక మధ్యాహ్నం ఫలానా ఊళ్లో వాన పడేదీ లేనిదీ ముందురోజు కూడా కచ్చితంగా చెప్పలేదు. వింతగా తోచే ఈ తేడాకు కారణం ఉష్ణమండల వాతావరణ స్వభావంలోనే ఉంది.

సమశీతోష్ణ దేశాల్లో చలిగాలికీ వేడిగాలికీ నడుమ ఏర్పడే సరిహద్దులు వందల కిలోమీటర్ల పొడవున సాగి, పడమటి గాలులతో పాటు క్రమంగా కదులుతాయి కాబట్టి వాటి రాకను రోజుల ముందే పసిగట్టవచ్చు. భూమధ్యరేఖకు చేరువలో భూభ్రమణ ప్రభావం బలహీనం, పీడన భేదాలు స్వల్పం. ఇక్కడ వాతావరణాన్ని ముఖ్యంగా నడిపించేది గుప్తోష్ణం, అంటే నీటి ఆవిరి తిరిగి నీటి బిందువులుగా మారేటప్పుడు వెలువడే వేడి. ఎండకు కాగిన నేల మీది తేమగాలి పైకి లేచి, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘంగా ఎదిగి, గంటా గంటన్నరలో కురిసి చెదిరిపోతుంది. ఆ మేఘం కింది చేలు తడిసి ముద్దయితే పొలిమేర అవతల దుమ్ము కూడా అణగదు. 2025లో వాడుకలోకి వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కంప్యూటర్ నమూనా 6 కిలోమీటర్ల గళ్లలో లెక్కలు కడుతుంది గానీ, ఒక్కో మేఘంలో పైకెగసే గాలిపాయ ఆ గడికన్నా ఇరుకైనదే.

రుతువు మొత్తం సంగతి వేరు. వాతావరణ శాస్త్రవేత్తలు జూల్ చార్నీ, జగదీశ్ శుక్లా 1981లో వాదించినట్లు, ఉష్ణమండలంలో రుతుసగటును చాలావరకు నిర్ణయించేది నెలల తరబడి నెమ్మదిగా మారే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత. హిమాలయాల మంచు ఆధారంగా వాతావరణ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ 1886లో మొదలుపెట్టిన అంచనాలను, 1904 నుంచి 1924 దాకా వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ పసిఫిక్ మహాసముద్రపు పీడన హెచ్చుతగ్గుల దాకా విస్తరింపజేశాడు. ఆ సముద్రపు మధ్య, తూర్పు జలాలు అసాధారణంగా వేడెక్కే ఎల్ నినో ఏర్పడితే మన వానలు తగ్గే అవకాశం పెరుగుతుంది. అది అవకాశమే తప్ప శాసనం కాదు, ఎందుకంటే 1997లో ఎల్ నినో అతి బలంగా ఉన్నా వానలు దీర్ఘకాల సగటును అందుకున్నాయి. 2002లో వానలు సాధారణంగా ఉంటాయని అంచనా వేయగా, కురిసింది సగటులో 81 శాతమే.

ఇప్పుడు సగటు అంటే 87 సెంటీమీటర్లు. ఈ అంకెను రైతుకు హామీగా వినిపించడం అన్యాయం, ఎందుకంటే అతనికి ఎంత కురిసిందన్నదానికన్నా ఎప్పుడు కురిసిందన్నదే ప్రాణం. రుతుపవన ద్రోణి, అంటే వాయవ్య భారతం నుంచి బంగాళాఖాతం దాకా పరుచుకునే అల్పపీడన రేఖ, హిమాలయ పాదాలకు జరిగిందంటే మధ్య భారతంలో వానలు నిలిచిపోతాయి. తొలకరికి పదును కుదిరిందని పత్తి గింజలు వేసిన తెలంగాణ రైతు అలాంటి విరామంలో మొలకలు ఎండిపోతే మళ్లీ విత్తనాలు కొనాలి. ఇలాంటి విరామాలపై ప్రభావం చూపేది భూమధ్యరేఖ వెంబడి 30 నుంచి 60 రోజులకొకసారి తూర్పుకు సాగే మేఘాల అల, మాడెన్-జూలియన్ డోలనం. దాన్ని గమనిస్తూ వాతావరణ శాఖ ప్రతి గురువారం వెలువరించే నాలుగు వారాల అంచనా ఈ విరామాలను ముందే పట్టుకునే ప్రయత్నమే. మొదటి రెండు వారాలకు అది కొంత నమ్మదగినదిగా ఉంటుంది, ఆ గడువు గింజలు ఈ వారం వేయాలా, మరో వాన దాకా ఆగాలా అని తేల్చుకోవడానికి చాలు.