పాత కెమెరాకు సెలవెప్పుడు?

కార్తీకం వచ్చిందంటే చాలు... అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే దారంతా వలిసె చేలు పసుపు ఆరబోసినట్టుంటాయి. వాటితోపాటే చేలగట్ల మీద కెమెరాలూ పూస్తాయి! సెల్‌ఫోన్ల సంగతి సరే, మెడలో బరువుగా వేలాడే డిజిటల్ ఎస్సెల్లార్‌లూ తక్కువేం కాదు. పదీ పదిహేనేళ్ల కిందట ముచ్చటపడి కొన్నవే చాలామటుకు. ఫొటో సరిగ్గా రాకపోతే వాటి యజమానుల నోట వచ్చే మాట ఒకటే... 'పాతదైపోయింది, మార్చేయాలి.'

నిజంగా మార్చాలా? దుకాణానికి వెళ్లేముందు ఈ కొండల్లో ఒకరోజు తిరిగి చూడండి. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం చాపరాయి, రాత్రి థింసా... మూడూ మూడు రకాల పరీక్షలు. మీ కెమెరా ఎక్కడ తప్పుతోందో తెలిస్తే డబ్బు దేనిమీద పెట్టాలో తెలిసిపోతుంది.

పొద్దున తీసిన ఫొటోలో తెల్లటి మంచు బూడిదరంగుకి తిరిగిందా? అందులో కెమెరా వయసు దోషమేమీ లేదు. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే మీటరు దాన్ని మధ్యరకం వెలుగుగా లెక్కేసుకుంటుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచితే మంచు మంచులాగే వస్తుంది. వలిసెపూలు పసుపు ముద్దలా వచ్చి రేకులు కనిపించడంలేదా? ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి 'రా' ఫార్మాట్‌లో తీయండి. ఖర్చు... సున్నా.

ఇక చాపరాయి. వెడల్పాటి బండల మీదుగా జారే నీళ్లు పట్టువస్త్రంలా రావాలంటే షటర్ అర సెకను పాటైనా తెరుచుకుని ఉండాలి. చేత్తో పట్టుకుంటే కుదరదు. గట్టి ట్రైపాడ్, ఎండను అడ్డుకునే ఎన్‌డీ ఫిల్టరూ ఉంటే పాత కెమెరా చాలు. (నాచు పట్టిన బండమీద ట్రైపాడ్ కాళ్లకన్నా ముందు మీ కాళ్లు నిలదొక్కుకోవాలి!)

అసలు పరీక్ష రాత్రి. ఒకరి నడుము ఒకరు పట్టుకుని డప్పు దెబ్బకు అడుగులేస్తూ వలయంగా కదిలే థింసాను మంట వెలుగులో తీయాలి. ఫ్లాష్ వేస్తే ఆ ఎర్రటి వెలుగే పోతుంది. అన్నట్టు, ముందు వాళ్లనడిగి తీయడం మర్యాద. కెమెరాతో వచ్చే కిట్ లెన్సును జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్/5.6కి పడిపోతుంది. అదే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అయితే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. అదే తరం ఫుల్‌ఫ్రేమ్ బాడీకి మారితే కలిసొచ్చేది రెండు రెట్లకు కాస్త అటూ ఇటూ. ఖరీదు చూస్తే ఆ లెన్సు బాడీలో చిన్న భాగం! అందుకే ముందు లెన్సు. అయితే చిన్న మెలిక... 2006లో వచ్చిన నికాన్ డీ40 లాంటి మోడళ్లలో ఫోకస్ మోటారు ఉండదు. వాటికి మోటారున్న ఏఎఫ్-ఎస్ రకమే తీసుకోవాలి.

మెగాపిక్సెళ్ల మోజులో మాత్రం పడకండి. 2003లో వచ్చిన కెనాన్ 300డీ ఇచ్చేది 6 మెగాపిక్సెళ్లే. అయినా 10 అంగుళాల పొడవు ప్రింటు నిక్షేపంగా వస్తుంది. 24కు వెళ్లినా ప్రింటు పొడవు పెరిగేది రెండింతలే.

మరి బాడీ ఎప్పుడు మార్చాలి? మంచి లెన్సు పెట్టినా చీకట్లో ఫొటోనిండా రవ్వ కనిపిస్తుంటే, కదిలే మనుషుల మీద ఫోకస్ నిలవకపోతే మార్చాల్సిందే. పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లకైతే ఇంకో కారణమూ ఉంది. కార్డు పాడైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా! రెండు కార్డులు పట్టే బాడీ వాళ్లకు అవసరం. నికాన్ డీ7000లో 2010లోనే ఆ సదుపాయం వచ్చింది.

కొనేది మళ్లీ ఎస్సెల్లారేనా అన్నది ఇప్పటి చిక్కు. 2020 తర్వాత కెనాన్, నికాన్‌ల నుంచి కొత్త ఎస్సెల్లార్ మోడల్ రాలేదు. 2018లో రెండూ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ దారి పట్టాయి. అలాగని పాత లెన్సులు మూలన పడేయక్కర్లేదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కొత్త బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఇబ్బంది లేదు కానీ, మోటారులేని పాత ఏఎఫ్-డీ లెన్సులకు చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి. మన సంచిలో ఏమున్నాయో చూసుకుని ఎంచుకోవడం మేలు. ఇంటి అవసరాలకే అయితే, చాలామంది మిర్రర్‌లెస్‌కు మారుతున్న ఈ రోజుల్లో మంచి సెకండ్‌హ్యాండ్ ఎస్సెల్లార్ తీసుకోవడం బేరమేనని నా అభిప్రాయం.

కాకపోతే చూసి కొనాలి. షటర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. నికాన్ డీ700కి కంపెనీ చెప్పిన లెక్క 1,50,000 సార్లు. లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి చారలుంటే అది ఫంగస్, వదిలేయండి.

కొండల్లో తిరిగే కెమెరాలకు ఆ బెడద ఎక్కువే. వానాకాలం సంచిలో మూసిపెట్టి మరిచిపోతే పైసా ఇవ్వకుండానే లెన్సు పోతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ వేసి ఉంచండి. చలికి గడ్డకట్టిన కెమెరాను వెచ్చటి గదిలోకి తెచ్చి వెంటనే సంచి విప్పొద్దు. కాసేపు అలాగే ఉంచి, గది వేడికి అలవాటు పడ్డాకే బయటికి తీయండి.