కోఠీ నడక: ఆగిన చోట్లు, ఆగని చోట్లు

ఇటీవలి సంవత్సరాలలో మన నగరాలలో 'హెరిటేజ్ వాక్' అనే పేరుతో ఒక కొత్త ప్రక్రియ వ్యాప్తిలోకి వచ్చింది. సెలవు రోజు ఉదయం ఇరవై ముప్ఫై మంది ఒకచోట కలుసుకుంటారు. చరిత్ర తెలిసిన వ్యక్తి ఒకరు ముందు నడుస్తారు. పాత కట్టడం వచ్చిన చోట ఆగి, దాని కథ చెప్పి, మళ్లీ కదులుతారు. రెండు మూడు గంటలలో ఒక పేట చరిత్ర ముగుస్తుంది. దీనిని ప్రక్రియ అని నేను ఊరికే అనలేదు. కథకూ నాటకానికీ ఉన్నట్లే దీనికీ కథకుడున్నాడు, పాత్రలున్నాయి, సంఘటనల వరుస ఉన్నది, వినేవారున్నారు. అన్నిటికంటె ముఖ్యంగా ఎంపిక ఉన్నది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకుండా సాగిపోవాలి అనే నిర్ణయంలోనే కథకుడి దృక్పథం బయటపడుతుంది. కనుక సాహిత్య విమర్శకు వాడే కొలమానాలతోనే ఈ నడకను కూడా పరిశీలించవచ్చు.

ఇందుకు ఉదాహరణగా హైదరాబాదులోని కోఠీని తీసుకుంటున్నాను. కోనసీమలో, అంబాజీపేటలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కోఠీతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. పని ఉన్నది. ఆ సంగతి కొంత దూరం నడిచాక తెలుస్తుంది.

'కోఠీ' అంటే పెద్ద మేడ. ఆ పేటకు ఆ పేరు తెచ్చిన మేడ బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్న కాలంలో, 1803లో, మూసీ ఉత్తరపు ఒడ్డున ఈ భవన నిర్మాణం మొదలయింది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ కట్టించాడు. ఎత్తయిన మెట్ల వరుస, దానికి చెరొక పక్క సింహం, పైన బారులు తీరిన కొరింథియన్ స్తంభాలు, లోపల విశాలమైన దర్బారు హాలు. 1949లో ఇందులోకి మహిళా కళాశాల వచ్చింది. చాలాకాలం శిథిలావస్థలో ఉండి, మరమ్మతుల తర్వాత 2023లో మళ్లీ తలుపులు తెరుచుకున్నది.

నేను వెళ్లిన నడకలో మార్గదర్శకుడు యువకుడు. విషయం బాగా తెలిసినవాడు, చెప్పడంలో నేర్పరి. మెట్ల మీద మమ్మల్ని నిలబెట్టి కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ చెప్పాడు. హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను కిర్క్‌పాట్రిక్ ముస్లిం పద్ధతిలో వివాహమాడాడు. ఆమె కోసం ఆవరణలోనే రంగమహలు కట్టించాడు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. 1805లో ఆ చిన్న పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపివేశారు. అదే సంవత్సరం కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. తల్లి మళ్లీ పిల్లల ముఖం చూడకుండానే 1813లో కన్నుమూసింది. 2002లో విలియం డాల్‌రింపుల్ 'వైట్ మొఘల్స్' పుస్తకం వచ్చిన తర్వాత ఈ కథకు దేశదేశాలలో ప్రచారం లభించింది. విన్నవారిలో కొందరి కళ్లు చెమర్చాయి. అందులో తప్పేమీ లేదు. అది నిజంగా జరిగిన విషాదమే.

అయితే కథను వినే విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఈ మేడకు సొమ్ము ఎవరిచ్చారు? కంపెనీ ఇవ్వలేదు, నిజాం ఖజానా ఇచ్చింది. దీనికి ఒక చమత్కారమైన కథ చెబుతారు. మొదట పెద్ద కాగితం మీద గీసిన పటం చూపి స్థలం అడిగితే నిజాం ఒప్పుకోలేదట. అదే పటాన్ని చిన్న కాగితం మీద గీయించి చూపితే వెంటనే ఒప్పుకున్నాడట. అందరూ నవ్వుతారు. నవ్వుతో ప్రశ్న మరుగున పడుతుంది. నిజాం అమాయకుడు కనుక ఇచ్చాడన్నది కథ. కాదనే శక్తి అప్పటికే పోయింది కనుక ఇచ్చాడన్నది చరిత్ర.

ఆ శక్తి ఎలా పోయిందో తెలుసుకోవాలంటే 1798కి వెళ్లాలి. ఆ సంవత్సరం కుదిరిన సైన్య సహకార ఒప్పందం ప్రకారం నిజాం తన కొలువులోని ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేశాడు. దాని బదులు కంపెనీ సిపాయిల ఆరు పటాలాలను రాజ్యంలో ఉంచుకుని, వాటి ఖర్చుకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లించడానికి అంగీకరించాడు. తనను అదుపులో పెట్టే సైన్యానికి తానే జీతమివ్వడం ఈ ఒప్పందంలోని కీలకం. రెండేళ్లకే, 1800లో మరో ఒప్పందం జరిగింది. మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను ఆ సైన్యం ఖర్చు కింద నిజాం కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్త మండలాలు. 'రాయలసీమ' అని 1928లో కొత్త పేరు పెట్టుకునేదాకా అక్కడి ప్రజలు 'ఇచ్చివేయబడిన సీమ' అనే పేరుతోనే బతికారు. రైతును అడిగి ఇచ్చినవారెవరూ లేరు. ఖైరున్నీసా ప్రేమకథ నడిచిన రోజులు, ఈ ఒప్పందం జరిగిన రోజులు ఒకటే. ఒప్పందం నడిపిన రెసిడెంటూ, ప్రేమించిన రెసిడెంటూ ఒకే మనిషి. మొదటి సగం వదిలి రెండవ సగం మాత్రమే చెబితే పాత్ర చిత్రణ లోపించినట్లే.

మా కోనసీమ సంగతి అంతకు ముందే తేలిపోయింది. ఉత్తర సర్కారులను కంపెనీకి వదులుతూ నిజాం అలీ 1766లోనే ఒప్పందం చేసుకున్నాడు. గోదావరి లంకలలో కొబ్బరి, వరి పండించుకునేవాడి శిస్తు ఎవరి సంచిలో పడాలో అతడు చూడని ఊళ్లో, అతనికి రాని భాషలో నిర్ణయమయింది. కోఠీ మెట్ల మీద నిలబడినప్పుడు నాకు పరాయి ఊరు చూస్తున్నట్లు అనిపించకపోవడానికి కారణం ఇదే.

మెట్లు దిగి పుత్లీబౌలి వైపు నడిస్తే, చూడడానికి భవనమేదీ లేని ఒక చోటు వస్తుంది. 1857 జూలై 17, శుక్రవారం. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వంలో కొన్ని వందల మంది రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఎదురుగా ఉన్న ఇళ్లలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. నిజాం మంత్రి సాలార్‌జంగ్ ముందే కబురు పంపడం వల్ల రెసిడెంటు సిద్ధంగా ఉన్నాడు. తిరుగుబాటు విఫలమయింది. అలాఉద్దీన్‌ను అండమానుకు పంపారు, ఆయన అక్కడే మరణించాడు. పట్టుబడిన తుర్రెబాజ్ ఖాన్ తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర అతనిని చంపి, శవాన్ని నగరంలో బహిరంగంగా వేలాడదీశారు. ఇప్పుడు అక్కడొక రోడ్డుకు అతని పేరున్నది. పేరు ఉన్నంత మాత్రాన కథ ఉన్నట్లు కాదు. మేడ లేని మనిషి దగ్గర నడక ఆగదు. ఇది ఈ ప్రక్రియకు స్వభావసిద్ధమైన పరిమితి. రాయి మిగిల్చినవాడి కథ చెప్పడం సులభం, రాయి మిగల్చలేనివాడి కథ చెప్పడానికి కథకుడు శ్రమపడాలి.

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన వ్యాపార ప్రాంతాన్ని రెసిడెన్సీ బజారులనేవారు. నిజాం రాజ్యం నడిమధ్యనే ఉన్నా అక్కడ అధికారం రెసిడెంటుది. ఆ నీడలోనే వడ్డీ వ్యాపారం వర్ధిల్లింది. విలియం పామర్ కంపెనీ నిజాం ప్రభుత్వానికి నూటికి పాతిక రూపాయల దాకా వడ్డీకి అప్పులిచ్చింది. చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంటుగా వచ్చి ఆ లెక్కలు బయటపెట్టిన తర్వాత, 1824లో అది కూలిపోయింది. సైన్యానికి జీతాలివ్వడానికి అప్పు, అప్పు తీర్చడానికి శిస్తు, శిస్తు కట్టడానికి రైతు మళ్లీ అప్పు. ఈ గొలుసు చివరి కొస పల్లెలో ఉంటుంది. మొదటి కొస ఈ బజారులో ఉన్నది. 1933లో ఈ ప్రాంతం తిరిగి నిజాం పాలనలోకి వచ్చి సుల్తాన్ బజారయింది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అది కూడా సగం కథే అవుతుంది. మన తెలుగు చరిత్రలో రెండు ముఖ్య ఘట్టాలు ఈ పేటతోనే ముడిపడి ఉన్నాయి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతుల కృషితో 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజారులోనే ఉన్నది. దానికి దగ్గరలోనే, జాంబాగ్‌లో, వివేకవర్ధని ఉన్నది. 1921 నవంబరులో అక్కడ సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలను శాంతంగా విన్న సభ్యులు, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టగానే గోల చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దానికి నడుం కట్టారు. అది ఆంధ్ర మహాసభగా పెరిగి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి మహాసభ జరుపుకున్నది. ఆ సభే తర్వాత రైతు పోరాటానికి వేదిక అయింది.

ఈ వరుస చూడండి. ఒక మేడ, దాని చుట్టూ ఒక బజారు, అక్కడికి నడచిపోయేంత దూరంలో తెలుగు మాటకు జరిగిన అవమానం, దాని నుంచి ఒక సంస్థ, ఆ సంస్థ నుంచి పోరాటం. విసునూరు దేశ్‌ముఖును ఎదిరించి తన పొలం నిలుపుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ ఆ పోరాటంలోని మనిషి. ఆ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయం అయింది. 2024లో ప్రభుత్వం దానికి ఐలమ్మ పేరు పెట్టింది. రెసిడెంటు కోసం కట్టిన మేడ ఇప్పుడు చాకలి స్త్రీ పేరున్న ఆవరణలో ఉన్నది. నడక ఈ విషయం దగ్గర ఆగితే ప్రేమకథ చిన్నబోదు, చరిత్ర పెద్దదవుతుంది.

కనుక నా విద్యార్థులకూ, రచన మొదలుపెట్టిన మిత్రులకూ నేను చెప్పేది ఇది. ఏ పాత పేటలో నడిచినా రెండు ప్రశ్నలు వెంట ఉంచుకోండి. ఇక్కడ ఖర్చయిన సొమ్ము ఎవరిది? ఇక్కడ వినిపిస్తున్న మాట ఎవరిది? మొదటి ప్రశ్న మిమ్మల్ని మేడ నుంచి పొలానికి తీసుకుపోతుంది. రెండవది దొర ఉత్తరాల నుంచి, ఉత్తరాలు రాయలేనివారి దగ్గరకు తీసుకుపోతుంది. ఖైరున్నీసా కథ కూడా మనకు ఎక్కువగా ఇతరుల కాగితాల ద్వారానే చేరిందన్న సంగతి అప్పుడు తడుతుంది.

ఇదే పద్ధతిని మా ప్రాంతానికి అన్వయిస్తే ఏమవుతుంది? కోనసీమలో రెసిడెన్సీ వంటి మేడ లేదు. చూడడానికేమీ లేదని అందరూ అనుకుంటారు. కాని అల్లవరం దగ్గరి బెండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీకి గుడ్డల వ్యాపార స్థావరం ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకున్నాడు. ఇద్దరు దొరలు ఎవరి నేత కోసం కొట్టుకున్నారో ఆ చేనేత మనుషుల నుంచి ఆ ఊరి కథ మొదలుపెట్టవచ్చు.

అంతకంటె పెద్ద వలస కట్టడం మాకు నీళ్లలో ఉన్నది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు, వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించడానికి గన్నవరం దగ్గర నలభై తొమ్మిది ఖానాలతో కట్టిన పాత అక్విడక్టు. కాటన్ దొరను మా రైతులు దేవుడిలా తలుస్తారు. కరువు చూసిన నేలకు నీరు వచ్చింది, ఆ కృతజ్ఞత అబద్ధం కాదు. అయితే కంపెనీ ఆ డబ్బు పెట్టింది శిస్తు పెరుగుతుందనే లెక్కతోనే అన్నదీ అబద్ధం కాదు. ఈ రెండు నిజాలనూ ఒకే వాక్యంలో పట్టుకోగలగడం రచయితకు పరీక్ష. ఒకటి వదిలితే స్తోత్రం అవుతుంది, రెండవది వదిలితే నినాదం అవుతుంది.

పాత అక్విడక్టు పక్కన కొత్తది కట్టినప్పుడు దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవారికి లంకల గన్నవరంలో వేళ కాని వేళ కూడా అన్నం వండి పెట్టిన గృహిణి ఆమె. ఇంజనీరు పేరుకు అన్నదాత పేరు తోడయింది. ఇక మిగిలింది ఆ ఖానాలకు సున్నం కలిపిన చేతులు, మట్టి మోసిన తలలు, ఆ కాలువల్లో పడవలు లాగిన భుజాలు. వాటి దగ్గర ఆగే నడకను మేము ఇంకా తయారు చేసుకోవాలి. గన్నవరం నుంచి అంబాజీపేట కొబ్బరి బజారు దాకా ఆ దారి పొడుగునా ముసలివాళ్లున్నారు, వాళ్ల నోటిలో పడవల కాలం మాటలున్నాయి. విద్యార్థులు ముందుగా ఆ మాటలు రాసుకురావాలి. ఎక్కడెక్కడ ఆగాలో తర్వాత కూర్చుని నిర్ణయించుకుందాం.